మెదకు దారిలో వణికిన వ్యాన్

మెదకు దేవాలయమును కళ్ళారా చూడాలన్న ఆశ మా సంఘములోని పెద్దవారికి చాలా కాలము నుంచి ఉంది. 2024 డిసెంబరు 25కు ఆ ఆలయ ప్రతిష్ఠ జరిగి నూరేండ్లు నిండుతాయి, ఆ రోజుల్లో జనం తొక్కిడి చెప్పలేనంతగా ఉంటుంది, కనుక నెల రోజులు ముందే వెళ్ళి వద్దామని మా అయ్యగారు అన్నారు. ఆ విధముగా 2024 నవంబరులో ఒక గురువారము తెల్లవారుజామున, సత్తెనపల్లి దగ్గరున్న మా ఊరి నుంచి పద్నాలుగుమందిమి సంఘపు వ్యాన్‌లో బయలుదేరాము. ఆరుగురు అరవై దాటినవారు. ముగ్గురు సండే స్కూలు పిల్లలు. పులిహోర, పెరుగన్నము, రెండు క్యాన్ల మంచినీళ్ళు, పైన క్యారియరు మీద పరుపు చుట్టలు.

పల్నాటివారికి హైదరాబాదు వైపు పోవడానికి అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు గొప్ప మేలు చేసింది. మా చిన్నప్పుడు ఆ దారిలో ప్రయాణమంటే నడుములు విరిగేవి. ఇప్పుడు నాలుగు వరుసల రోడ్డు. పిడుగురాళ్ళ చేరేసరికి తెల్లారింది. సున్నపు బట్టీల పొగ మంచుతో కలిసి రోడ్డు మీద దుప్పటి కప్పినట్టుంది. అక్కడి చెట్ల ఆకులు పచ్చగా ఉండవు, బూడిద రంగు పూసినట్టుంటాయి. ఇళ్ళ కప్పుల మీద, పశువుల పాకల మీద, ఆఖరికి అంగట్లో అరటి గెలల మీద కూడా ఆ తెల్లటి పొడే. ఆ బట్టీల దగ్గర పనిచేసే కుటుంబాలు మన సంఘాలలో ఎన్నో ఉన్నాయి. ఆదివారము ఆరాధనకు వచ్చినప్పుడు వాళ్ళ దగ్గు వింటే ఆ పొడి సంగతి తెలుస్తుంది.

పిడుగురాళ్ళ దాటి, నడికుడి వైపు ఖాళీ రోడ్డు దొరికాక డ్రైవరు తమ్ముడు వేగము పెంచాడు. అక్కడ మొదలైంది.

ముందు వరుసలో కూర్చున్నవాళ్ళకే తెలిసింది. స్టీరింగు అతని చేతుల్లో ఎడమకూ కుడికీ సన్నగా కొట్టుకుంటోంది, జ్వరము వచ్చినవాని చేతులు వణికినట్టు. డెబ్బై లోపల ఏమీ లేదు. డెబ్బై ఐదు దాటగానే మొదలై ఎనభై దగ్గర బాగా ఎక్కువైంది. బ్రేకు తొక్కితే ఎక్కువా కాదు, తక్కువా కాదు. వేగము తగ్గగానే ఏమీ ఎరగనట్టు ఊరుకుంది.

"వాబ్లింగు వస్తోందయ్యగారూ," అన్నాడు తమ్ముడు.

మా వ్యాన్ కొత్తది కాదు. పదిహేనేండ్లు నిండి, ఫిట్‌నెస్ పరీక్ష చేయించి, రిజిస్ట్రేషను మరో ఐదేండ్లకు పొడిగించుకున్న బండి. కూటములకు, పెండ్లిండ్లకు, ఆసుపత్రులకు, సమాధి కార్యక్రమాలకు అన్నిటికీ అదే. ముందు రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు, దాని కింద కమాను పట్టీలు, పాత లారీ పద్ధతిలో ఉంటుంది. ఇటువంటి బండి ముందు భాగము వణకడానికి కారణము ఒకటే ఉండదు. ఈ సంగతి ఆ రోజు మాకు చక్కగా తెలిసి వచ్చింది. ఇటువంటి బండ్లు మన సంఘాలకు, బడులకు, పెండ్లి బృందాలకు ఇంకా ఎన్నో ఉన్నాయి గనుక కొంచెము వివరముగానే రాస్తున్నాను.

వెనక సీట్లో కూర్చున్న అమ్మగారు ఆ వణుకును అసలు ఎరగరు. స్టీలు గ్లాసులు ఒకదానిలో ఒకటి పెట్టి వొళ్ళో పట్టుకున్నారు, అవి చప్పుడు కూడా చేయలేదట. ఆ మాట చిన్నదిగా కనిపిస్తుంది గాని చాలా పనికొచ్చే మాట. వెనక చక్రాలలో లోపముంటే సీట్లూ, నేలా వణుకుతాయి. ముందు చక్రాలలో ఉంటే స్టీరింగు వణుకుతుంది. బ్రేకు వేసినప్పుడే వణికితే డ్రమ్ములో గాని డిస్కులో గాని వంకర ఉన్నట్టు. ఆక్సిలరేటరు తొక్కినప్పుడే వణికి, వదలగానే పోతే చక్రాల సంగతి కాదు, ఇంజను నుంచి వెనక్కి పోయే షాఫ్టు కీళ్ళను చూడాలి. బండి ఒక పక్కకు లాగడము ఇంకో జబ్బు. మాకు ఇవేవీ కాదు. ముందు చక్రాలే, అదీ ఒక వేగము దగ్గరే.

దాచేపల్లి దాటక ముందే ఒక చెట్టు కింద ఆపాము. అందరమూ దిగాము. తమ్ముడు నాలుగు చక్రాల బోల్టులూ స్పానరుతో చూశాడు, బిగుతుగానే ఉన్నాయి. టైర్లకు ఎక్కడా బొబ్బ లేదు. టైరు పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూశాడు. మొదటి రెండూ తయారైన వారము, తర్వాతి రెండూ సంవత్సరము. ముందువి రెండూ 2022లోవి. అప్పుడు చక్రము లోపలి పక్క చెయ్యి పెట్టి తడిమి నవ్వాడు. చేతికి నల్లమట్టి పెళ్ళ వచ్చింది.

అంతకు రెండు వారాల క్రితము వానలో ఒక సమాధి కార్యక్రమానికి వ్యాన్‌ను పత్తి చేల మధ్య బాటలో తీసుకెళ్ళారు. నల్లరేగడి సంగతి మనకు చెప్పనక్కరలేదు. తడిసినప్పుడు జిగురు, ఎండినప్పుడు రాయి. పైకి కడిగారు గాని రిమ్ము లోపలి వైపు ఎవరికి కనబడుతుంది? అక్కడ ఒక పక్క అరచేయంత పెళ్ళ ఎండి అతుక్కుపోయింది.

మాతో లెక్కల పంతులమ్మగా పనిచేసి రిటైరైన ఒక పెద్దమ్మ ఉన్నారు. తమ్ముడు స్క్రూడ్రైవరుతో మట్టి గీకుతుంటే ఆమె పిల్లలను కూర్చోబెట్టి మట్టి మీద పుల్లతో లెక్క వేసి చూపారు. చక్రము చుట్టుకొలత రెండు మీటర్ల పావు చిల్లర లేకుండా అనుకోండి. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. అంటే చక్రము సెకనుకు పదిసార్లు తిరుగుతుంది. రిమ్ముకు ఒక పక్క యాభై గ్రాముల మట్టి ఉంటే, ఆ వేగములో అది చక్రమును దాదాపు నాలుగు కిలోల బరువుతో తన వైపు లాగుతుంది. ఒక్కో చుట్టుకు ఒకసారి, సెకనుకు పదిసార్లు. వేగము సగమైతే లాగుడు సగము కాదు, నాలుగో వంతే. అందుకే నలభైలో ఏమీ తెలియదు. మరి ఎనభై దగ్గరే ఎందుకు అంత ఎక్కువ అని ఒక పిల్లవాడు అడిగాడు. ఉయ్యాలను దాని ఊపుకు తగినట్టు తోస్తే పైకి లేస్తుంది, ఊపు తప్పించి తోస్తే లేవదు, బండికీ అటువంటి సొంత ఊపు ఒకటి ఉంటుంది అని ఆమె జవాబు. ముప్ఫై ఏండ్లు పాఠము చెప్పిన నోరు ఊరుకుంటుందా!

మట్టి పోయింది. వణుకు చాలావరకు పోయింది. అందరమూ దేవునికి స్తోత్రము చెప్పుకుని ఎక్కాము.

పొందుగుల దాటాక కృష్ణా నది. అవతలి ఒడ్డు వాడపల్లి, తెలంగాణ. మూసీ వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. నది మీద మంచు ఇంకా విడలేదు, దూరముగా చేపల పడవలు చుక్కల్లా కనిపిస్తున్నాయి. పిల్లలు కిటికీల దగ్గర చేరారు. వంతెన మీద పలకకూ పలకకూ మధ్య అతుకు ఉంటుంది చూడండి, అటువంటి అతుకు ఒకదాని మీద ఎడమ చక్రము దబ్బున పడింది. అంతే, బండి ముందు భాగమంతా గడగడ కొట్టుకుంది. ఈసారి సన్నటి వణుకు కాదు. తమ్ముడు రెండు చేతులతో స్టీరింగును అదిమి పట్టుకున్నా అది అతని భుజాలను ఊపేసింది. పరుపు చుట్ట ఒకటి జారి కిటికీ మీదికి వేలాడింది. అతడు బ్రేకు గట్టిగా తొక్కలేదు. స్టీరింగుతో పెనుగులాడకుండా తిన్నగా పట్టుకుని, కాలు తీసి, వేగము తనంతట తాను తగ్గనిచ్చాడు. ముప్ఫైకి వచ్చాక ఆగింది. అతని నుదుటి మీద ఆ చలిలో చెమట.

వెనక ఒక పాప ఏడ్పు మొదలుపెట్టింది.

వాడపల్లి ఒడ్డున ఆపి మాట్లాడుకున్నాము. మాలో ఒక పెద్దాయన, "ప్రార్థన చేసుకుని బయలుదేరాము కదా, మెల్లగా పోనివ్వండి, మెదకులో గది కూడా చెప్పి ఉంచాము," అన్నారు. ఆయన విశ్వాసమును నేను తప్పు పట్టను. కానీ లెక్కల పెద్దమ్మ ఒక్క మాటే అన్నారు: "అన్నయ్యగారూ, పిల్లల్ని దించి మీరు వెళ్ళండి." అయ్యగారు ఇద్దరినీ చూసి, తమ్ముడి వైపు తిరిగి, "నువ్వేమంటావు నాయనా?" అన్నారు. స్టీరింగు పట్టినవాణ్ణి ముందుగా అడగడము మంచి పని అని నాకు అప్పుడు అనిపించింది. మన పెద్దలు చాలాసార్లు అతణ్ణి అడగరు. "మిర్యాలగూడ దాకా నలభైలో వస్తానండి. అక్కడ చూపించకుండా ముందుకు నడపను," అన్నాడు తమ్ముడు. అలాగే అయింది.

దామరచర్ల మీదుగా మిర్యాలగూడ చేరాము. ఆ ఊరు వడ్లకు, బియ్యానికి పేరు. సాగరు ఎడమ కాలువ నీళ్ళతో పండిన పంటంతా ఆ మిల్లులకు చేరుతుంది. రోడ్డు పక్క ధాన్యము కుప్పలు, ఊక వాసన, వరుసగా నిలబడ్డ లారీలు. లారీలున్న చోట మేస్త్రీలకు కొదవ ఉండదు. ఒక పెట్రోలు బంకు కుర్రవాడు, ముందు ఇరుసు పనికి ఫలానా సాయిబుగారి దగ్గరికే పొమ్మని దారి చూపించాడు.

సాయిబుగారికి డెబ్బై ఉంటాయి. గడ్డము తెల్లగా, చేతులు నల్లగా. బండి వైపు చూడక ముందే తమ్ముణ్ణి అడిగారు: "గుంజుతుందా, వణుకుతుందా? గుంజుడు వేరే, వణుకుడు వేరే." తర్వాత, "ఎంత స్పీడుల? గుంతల పడ్డంక వచ్చిందా, ఊకెనే వచ్చిందా?" తమ్ముడు రెండు వణుకుల సంగతీ విడివిడిగా చెప్పాడు. ఆయన తల ఊపి, "ఒకటి మట్టిది, అది పోయింది. రెండోది అసలుది. మట్టి దాన్ని లేపింది, అంతే," అన్నారు. "అమ్మా, మీరంత దిగి నీడకు కూసోండ్రి."

ముందు ఇరుసు కింద జాకీ పెట్టి ఎడమ చక్రమును లేపారు. చక్రమును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపారు. టక్, టక్ అని చప్పుడు. తమ్ముణ్ణి పిలిచి చెయ్యి పెట్టించారు. వేలెడు కాదు గాని, కంటికి కనబడేంత కదలిక. ఇప్పుడు శిష్యుణ్ణి లోపల కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్ళీ ఊపారు. ఈ పరీక్ష నాకు చాలా నచ్చింది. బ్రేకు తొక్కితే చక్రమూ, దాని వెనకనున్న ముక్కా ఒకటిగా బిగుసుకుంటాయి. అప్పుడు కదలిక పోతే లోపము బేరింగులో ఉన్నట్టు. పోకపోతే ఇంకా వెనక, కింగ్ పిన్నులో ఉన్నట్టు. మా బండికి పోలేదు. తర్వాత చక్రమును ఎడమ పక్కా, కుడి పక్కా పట్టుకుని ఊపారు. అలా ఊపినప్పుడు కదిలితే టై రాడ్ చివరల్లో అరుగుదల. అవి బాగానే ఉన్నాయి. కుడి చక్రమునూ అలాగే చూశారు. అక్కడా కొంచెము ఉంది గాని ఎడమ అంత లేదు. కమాను పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే యు బోల్టులు, కమాను చివరల బుష్షులు, షాకబ్జార్బర్లు, అన్నీ ఇనుప కడ్డీతో తట్టి, ఎత్తి చూశారు.

కింగ్ పిన్ను అంటే తలుపు బందులో ఉండే శీల వంటిది. ఇరుసు కదలదు, చక్రము మాత్రము ఆ శీల మీద అటూ ఇటూ తిరుగుతుంది. శీల చుట్టూ ఇత్తడి బుష్షులుంటాయి. గ్రీజు అందకపోతే అవి అరిగి, చక్రము ఇరుసు మీద వదులుగా నిలుస్తుంది. ఆసుపత్రిలో రోగిని తోసుకుపోయే ట్రాలీ చూసే ఉంటారు. గబగబా తోస్తే దాని ముందు చక్రము పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ కొట్టుకుంటుంది కదా, ఇదీ అదే. ఒకే ఇరుసు గనుక ఒక చక్రము కొట్టుకుంటే రెండోదీ దానితో కలుస్తుంది. ఒకసారి లేచిందంటే బాగా నెమ్మదించేదాకా ఆగదు.

సాయిబుగారు స్టీరింగు బాక్సు దగ్గర కూడా ఆగారు. "దీన్ని ఎవరు బిగించిన్రు?" అన్నారు. పోయిన ఏడాది ఒక పట్టణములో ఇదే వణుకుకు చూపిస్తే, బాక్సు మీది స్క్రూ బిగించి, స్టీరింగులో వదులు పోయిందని చెప్పి పంపారని తమ్ముడు జ్ఞాపకము చేసుకున్నాడు. "అరిగింది చక్రం కాడ. బిగించింది చేతి కాడ," అన్నారు ఆయన. ఆ స్క్రూ మితిమీరి బిగిస్తే స్టీరింగు మలుపు తిరిగాక తనంతట తాను తిన్నగా రాదు, లోపలి పళ్ళు కూడా తొందరగా అరుగుతాయి. దాన్ని తగుమాత్రము వదులు చేశారు.

అయ్యగారు అడిగారు: "మెల్లగా మెదకు దాకా పోవచ్చునా, ఉస్తాద్?"

"యాభైల పోతది సార్. కని గుంత తగిలితే నలభైల కూడ లేస్తది. ఇంతమందిని ఎక్కించుకొని నేనైతే పోను."

రెండు పక్కలా కింగ్ పిన్నులు, బుష్షులు మార్చాలి. ఒక పక్కే మార్చడము పొదుపు కాదన్నారు. సామానుకూ కూలికీ కలిపి ఏడు వేల చిల్లర అవుతుంది, రేపు మధ్యాహ్నానికి బండి ఇస్తానన్నారు. మా దగ్గర భోజనాలకూ, గదులకూ పోగుచేసిన డబ్బు ఉంది. అది ఇచ్చేస్తే మెదకులో చేతులు ఖాళీ. స్త్రీల సమాజపు డబ్బాలో ఉన్నది ఇందుకు తియ్యవచ్చునా అని కాసేపు గుసగుసలు జరిగాయి. ఎవరూ బయటికి అనలేదు గాని, ఒక్కరోజు ఆలస్యమైతే కూలి పోయేవాళ్ళు ఇద్దరున్నారు మాలో. వారిని గుంటూరు వైపు రైలులో పంపుదామని అయ్యగారు అన్నారు. మిర్యాలగూడ ఆ రైలు మార్గములోనే ఉంది. వాళ్ళు ఒప్పుకోలేదు. "మెదకు మళ్ళీ ఎప్పుడు చూస్తామండీ," అన్నది ఒకామె.

ఆ రాత్రి స్థానిక సంఘమువారు మందిరములో పడుకోనిచ్చారు. ముందు చెప్పకుండా పద్నాలుగుమంది దిగితే ఏ ఇల్లాలికైనా గుండె గుభేలుమంటుంది. వాళ్ళు మాత్రము జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిపులుసు పెట్టారు. పచ్చిపులుసు మా వైపు ఆ రుచికి చేయరు. మా ఆడవాళ్ళు ఎలా చేశారో అడిగి తెలుసుకున్నారు.

మర్నాడు పదింటికి నేనూ తమ్ముడూ షెడ్డుకు వెళ్ళేసరికి పాత పిన్నులు బల్ల మీద ఉన్నాయి. ఎడమది గోరు పట్టేంత పల్లముగా అరిగింది. కొత్త బుష్షులు కొట్టి, లోపల రీమరు తిప్పి, పిన్ను చేత్తో తోస్తే బిగువుగా దిగేట్టు చేశారు. ఆ పనికి తొందర పనికిరాదు. ఆఖరున ఒక కర్ర గేజితో ముందు టైర్ల మధ్య దూరము ముందువైపూ, వెనకవైపూ కొలిచి అలైన్‌మెంటు సరిచేశారు. ఎదురుగా ఉన్న టైర్ల దుకాణములో ముందు చక్రాలకు బ్యాలెన్సింగు చేయించి, రిమ్ముకు సీసపు ముక్కలు కొట్టించాము. మట్టి పెళ్ళ చేసిన అల్లరికి ఎదురు మందు ఆ ముక్కలే.

మధ్యాహ్నము రెండింటికి కదిలాము. నల్లగొండ, నార్కట్‌పల్లి దాటి, విజయవాడ–హైదరాబాదు రోడ్డు పట్టుకుని, పట్నములోకి పోకుండా ఔటర్ రింగు రోడ్డు మీదుగా తిరిగి, మేడ్చలు దగ్గర నాగపూరు రోడ్డులోకి దిగాము. తమ్ముడు తూప్రాను దగ్గర కావాలనే కాసేపు ఎనభై ఐదుకు పోనిచ్చి, ఒక చేయి స్టీరింగు మీద తేలికగా పెట్టి నాకు చూపించాడు. గాజు మీద గుడ్డ జారినట్టుంది. రామాయంపేట దగ్గర మలుపు తిరిగి మెదకు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. చీకటిలో గోపురము కనబడీ కనబడకుండా ఉంది.

పొద్దున్నే చూశాము. సుమారు 175 అడుగుల ఎత్తు గోపురము, 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు ఆలయము. పొలాల మధ్య ఊరిలో, తెల్లని రాతితో అంత కట్టడము ఎలా లేచిందా అనిపిస్తుంది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కరువు రోజుల్లో అన్నము లేని జనానికి పని చూపించి, కూలి ఇచ్చి కట్టించిన ఆలయమిది. పదేండ్లు కట్టి, 1924 క్రిస్మసు రోజున ప్రతిష్ఠించారు. రాళ్ళు మోసినవారి మనుమలూ మునిమనుమలూ ఇప్పటికీ ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నారు. లోపల నేల మీద బ్రిటన్ నుంచి తెచ్చిన రంగు పలకలు. రంగుల అద్దాల కిటికీలలో ప్రభువు జననము, సిలువ, ఆరోహణము. ఎండ వెనకనుంచి పడితేనే ఆ బొమ్మలు కనిపిస్తాయి. పొద్దున నల్లగా ఉన్న ఒక కిటికీ మేము కూర్చుని ఉండగానే మెల్లగా ఎర్రబడి, నీలమై వెలిగింది. వంతెన మీద ఏడ్చిన పాప నోరు తెరిచి దానినే చూస్తూ కూర్చుంది. కూలి పోతుందని తెలిసి కూడా వచ్చిన ఆ సహోదరి స్తంభానికి ఆనుకుని చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణములో మిర్యాలగూడలో మళ్ళీ ఆగాము. కొత్త పని చేసిన బండికి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరొకసారి బిగించాలని సాయిబుగారు ముందే చెప్పారు. పావుగంటలో చేసి పంపారు, డబ్బు తీసుకోలేదు. తమ్ముడికి మాత్రము కింగ్ పిన్నుకు పైనా కిందా ఉండే గ్రీజు నిప్పుళ్ళు నాలుగూ వేలు పెట్టి చూపించారు. ఒకటి రంగు పూసుకుపోయి మూసుకుంది, ఎన్నాళ్ళ నుంచో దానిలోకి గ్రీజు పోలేదు. గ్రీజు కొట్టేటప్పుడు చక్రమును జాకీ మీద లేపి ఉంచాలట. బరువు మీద ఉంటే ఒక పక్కకే పోతుంది, పాత నల్ల గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనబడేదాకా కొట్టాలి. మూడు వేల కిలోమీటర్లకు ఒకసారి. ఆ తేదీలూ, మీటరు అంకెలూ ఇప్పుడు వ్యాన్ ముందు తలుపు లోపలివైపు తెల్ల పెయింటుతో రాసి ఉంటాయి. ఆ పని లెక్కల పెద్దమ్మ తీసుకున్నారు.